ఒడి నుంచి గడప దాకా: ప్రహ్లాద కథలో తండ్రీకొడుకుల ఎడబాటు

ములుగు జిల్లా పాలంపేటలో, రామప్ప గుడి అని లోకం పిలిచే రుద్రేశ్వరాలయం ప్రాంగణంలోని శిలాశాసనం, కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213వ సంవత్సరంలో ఈ దేవుణ్ణి ప్రతిష్ఠించిన సంగతిని చెబుతూనే, ఆనాటి ఆచారం ప్రకారం ఏలిన ప్రభువుల వంశాన్ని, ఆలయం కట్టించిన దాత వంశాన్ని తరం తరువాత తరంగా కీర్తిస్తుంది. రాజులు, దాతలు తమ దానధర్మాలను శాశ్వతం చేయడానికి రాతి మీద చెక్కించిన ఇటువంటి పత్రాలలో తండ్రి పేరు పక్కన కొడుకు పేరు, అతని పక్కన మనుమడి పేరు వరుసగా నిలుస్తాయే తప్ప, ఆ పేర్ల మధ్య ఎన్నడైనా మాటలు ఆగిపోయాయా, ఒకరి ముఖం ఒకరు చూడని రోజులు గడిచాయా అన్న సంగతి వాటిలో కనిపించదు. నిజానికి రేచర్ల రుద్రుని కీర్తికి మూలం ఒక తండ్రికీ కొడుకుకూ నడుమ ఏర్పడిన ఖాళీయే. కాకతి మహాదేవుడు దేవగిరి యాదవులతో యుద్ధంలో మరణించి, కుమారుడైన గణపతిదేవుడు శత్రువుల చేతిలో బందీగా ఉన్న కాలంలో, రాజ్యం చెదిరిపోకుండా కాపాడి, 1199 ప్రాంతంలో గణపతిదేవుడు తిరిగి వచ్చి సింహాసనం ఎక్కేదాకా దాని బరువు మోసినవాడు రుద్రుడని చరిత్రకారులు చెబుతారు. ఆ ఎడబాటు యుద్ధం తెచ్చిపెట్టినది కనుక శాసనాలకు, చరిత్రకు ఎక్కింది. ఒకే ఇంటి కప్పు కింద పుట్టే ఎడబాటు వాటికి ఎక్కదు. దానిని చెప్పే పనిని కావ్యం, నాటకం, ఇటీవలి కాలంలో చలనచిత్రం తమ మీద వేసుకున్నాయి.

తండ్రీకొడుకుల ఎడబాటు నేటి లఘు చిత్రాలకు ఇష్టమైన వస్తువు. లఘు చిత్రమంటే తక్కువ నిడివిలో ముగిసే కథా చిత్రం; అమెరికాలోని ఆస్కార్ పురస్కారాల నియమం ప్రకారం పేర్లతో సహా నలభై నిమిషాలకు మించనిది ఈ విభాగంలోకి వస్తుంది. రెండు పాత్రలు, ఒక గది, సగంలో ఆగిపోయిన ఒక మాట ఉంటే చాలు, ఈ కథ నడుస్తుంది. పెద్ద సెట్టింగులు, పెద్ద పెట్టుబడి అక్కరలేదు. అయితే సులువుగా కనిపించే ఈ వస్తువే దర్శకుణ్ణి తేలికగా దారి తప్పిస్తుంది, ఎందుకంటే చాలా చిత్రాలు తండ్రిని కేవలం మూర్ఖుడిగానో కొడుకును కేవలం కృతఘ్నుడిగానో చూపించి, చివరి నిమిషంలో ఒక ఆసుపత్రి మంచం పక్కన ఇద్దరినీ కలిపి ముగించేస్తాయి. ఈ వస్తువు లోతు ఎంతో తెలియాలంటే తెలుగువారు శతాబ్దాలుగా చదువుతూ, పాడుతూ, ఆడుతూ వచ్చిన ప్రహ్లాద చరిత్రను, దాని భక్తిపరమైన అర్థాన్ని కాదనకుండానే, ఒక తండ్రి, ఒక కొడుకు కథగా మరొక్కసారి పరిశీలించవలసి ఉంటుంది. ఆ కథకు తెలుగులో అత్యంత ప్రసిద్ధమైన రూపం ఈ ఓరుగల్లు సీమలోనే, ఇప్పటి జనగామ జిల్లాలోని బమ్మెర గ్రామానికి చెందిన పోతన చేతుల్లో, పదిహేనవ శతాబ్దంలో రూపు దిద్దుకుంది. ఆంధ్ర మహాభాగవతం సప్తమ స్కంధంలో ప్రధాన కథ ఇదే.

వ్యాస భాగవతాన్ని అనుసరించే ఈ కథలో ప్రహ్లాదుని తండ్రి హిరణ్యకశిపునికి మొదటి నుంచీ ఒక గాయం ఉంది. అతని తమ్ముడు హిరణ్యాక్షుణ్ణి వరాహరూపంలో వచ్చిన విష్ణువు సంహరించాడు. ఆ దుఃఖంలో మునిగిన తల్లి దితిని, తమ్ముని భార్యను హిరణ్యకశిపుడు ఓదార్చే ఘట్టంలో, ఆత్మకు చావు లేదని, దేహం కోసం శోకించడం తగదని ఎంతో వివేకంగా బోధిస్తాడు. అంటే ఈ తండ్రి తత్త్వం తెలియని మూఢుడు కాడు, తెలిసిన తత్త్వం తన గాయాన్ని మాన్పలేకపోయిన మనిషి. పగ తీర్చుకునే శక్తి కోసం అతడు మందర పర్వతానికి తపస్సుకు వెళ్లిపోయాడు. అతడు లేని సమయంలో ఇంద్రుడు దానవ నగరం మీదికి వచ్చి గర్భవతి అయిన రాణిని ఎత్తుకుపోతుండగా, నారదుడు అడ్డుపడి ఆమెను తన ఆశ్రమానికి తీసుకువెళ్లి, భర్త తిరిగి వచ్చేవరకు కాపాడాడు. ఆ తల్లికి చెప్పిన ధర్మబోధలను కడుపులోని శిశువు విన్నాడు. ఈ ఏర్పాటులోని నాటకీయ సత్యం సాధారణంగా భక్తి చర్చలో మరుగున పడిపోతుంది. తండ్రి ఇంటి కోసమే, వంశ ప్రతిష్ఠ కోసమే ఇల్లు విడిచి వెళ్లాడు. కోరినదంతా సంపాదించి తిరిగి వచ్చేసరికి కొడుకు వేరొకరి మాటలు విని పెరిగాడు. ఉత్తర తెలంగాణ పల్లెల నుంచి గల్ఫ్ దేశాలకు వలస వెళ్లి, ఏళ్ల తరబడి డబ్బు పంపుతూ, తిరిగి వచ్చిన నాడు పిల్లల చూపులో కొత్త మనిషిగా నిలిచే తండ్రులకు ఈ బాధ పురాణ కథ కాదు. పాలంపేట పరిసరాల్లో ఎవరైనా లఘు చిత్రం తీయదలచుకుంటే, ఇంతకంటే నిజమైన ఆరంభం దొరకడం కష్టం.

ఎడబాటు మొదలయ్యే చోటును భాగవతం ఎంచుకున్న తీరు అద్భుతమైనది. అది సభ కాదు, కారాగారం కాదు, తండ్రి ఒడి. శుక్రాచార్యుని కుమారులైన చండామార్కుల వద్ద చదువుకుంటున్న పిల్లవాణ్ణి హిరణ్యకశిపుడు ముద్దుగా ఒడిలో కూర్చోబెట్టుకొని, నీకు ఏది మంచిదని తోస్తున్నదో చెప్పమని అడుగుతాడు. ఏ తండ్రి అయినా అడిగే ప్రశ్నే అది. ఇల్లనే చీకటి నూతిని విడిచి, అడవికి పోయి, శ్రీహరిని ఆశ్రయించడమే మేలని పిల్లవాడు బదులిస్తాడు. ఇంటిని నిలబెట్టడానికి సర్వస్వం ఒడ్డిన మనిషి ఒడిలో కూర్చొని ఆ ఇంటినే చీకటి నుయ్యి అన్న మాట ఎంత పదునైనదో వేరే చెప్పనక్కరలేదు. అయినా తండ్రి అప్పుడు కోపించడు, నవ్వుతాడు; పసివాడి బుద్ధిని పరాయివాళ్లు చెడగొట్టారని, గురువుల ఇంట కాపలా గట్టిగా ఉండాలని మాత్రమే ఆజ్ఞాపిస్తాడు. రెండవసారి కొడుకు వచ్చి పాదాలకు మొక్కినప్పుడు, ఎత్తుకొని కౌగిలించి, ఆనందబాష్పాలతో వాడి తలను తడిపి, మళ్లీ అదే రకం ప్రశ్న వేస్తాడు. ఈసారి విష్ణువును వినడం, కీర్తించడం, స్మరించడం మొదలుగా తనను తాను అర్పించుకోవడం వరకు సాగే తొమ్మిది రకాల భక్తి గురించిన సమాధానం వస్తుంది. తమ్ముణ్ణి చంపినవాడి పాదాలను తన కొడుకే సేవిస్తున్నాడన్నది హిరణ్యకశిపుడు భరించలేని సంగతి. ఆ క్షణంలో ఒడిలోని పిల్లవాణ్ణి నేల మీదికి తోసివేస్తాడు. శిల్పి అయినా దర్శకుడు అయినా ఎంచుకోవలసిన క్షణం అది. రామప్ప గుడి రంగమండపం దూలాల మీద సముద్ర మథనం, త్రిపుర సంహారం వంటి పెద్ద పెద్ద కథలను కాకతీయ శిల్పులు మూరెడు రాతిలో ఇమిడ్చిన పద్ధతిలోనే, కథ మొత్తాన్ని మోయగల ఒక్క భంగిమను పట్టుకోవడం లఘు రూపానికి ప్రాణం.

ఆ తరువాత వచ్చే ఏనుగులు, పాములు, విషం, కొండ మీద నుంచి తోయడం వంటి హింసల పరంపరను రంగస్థలం, వెండితెర రెండూ విస్తారంగా ఆడించాయి కాని, వాటి నడుమ ఉన్న ఒక చిన్న ఘట్టాన్ని తగినంతగా పట్టించుకోలేదు. ఏ ఉపాయమూ ఫలించనప్పుడు హిరణ్యకశిపుడు ఒంటరిగా తల వంచుకొని, ఎన్ని దుర్భాషలాడినా, ఎన్ని చావులు కల్పించినా వీడు బెదరలేదే, వీడితో విరోధమే నాకు మృత్యువు కాబోలు అని తలపోస్తాడు. కొడుకును ఓడించలేని తండ్రికి మొట్టమొదటిసారి భయం వేసిన క్షణం అది. ప్రహ్లాదుడు మాత్రం ఒక్కసారైనా తండ్రిని ఎదురు తిట్టడు, వదిలి పారిపోడు, శత్రువు పక్షాన చేరి ఆయుధం పట్టడు. అడిగిన ప్రతిసారీ తనకు నిజమనిపించినది చెబుతాడు, అంతే. ఇద్దరూ ఒకరి నుంచి ఒకరు చూపు మరల్చుకోలేరు. తండ్రీకొడుకుల వైరంలో ఉదాసీనతకు చోటు లేదని, అక్కడి కోపం తెగని మమకారానికి మరొక రూపమని కావ్యం ఇక్కడ గ్రహించింది.

చివరి ఘట్టంలో ఒడి మళ్లీ వస్తుంది. స్తంభం నుంచి వెలువడిన నరసింహుడు, ఇంటా బయటా కాని గడప వద్ద, పగలూ రాత్రీ కాని సంధ్యవేళ, హిరణ్యకశిపుణ్ణి తన తొడల మీద పడవేసుకొని చీల్చుతాడు. ఇంటా బయటా, పగలూ రాత్రీ చావు రాకూడదని తపస్సు చేసి పొందిన బ్రహ్మ వరాల షరతులకు విరుగుడుగా ఆ స్థలాన్ని, కాలాన్ని వివరించడం వ్యాఖ్యాతలకు అలవాటు. అది సరైనదే అయినా కథ నిర్మాణంలో మరొక అర్థం కూడా ఉంది: కొడుకును ఒడి నుంచి నేలకు తోసిన తండ్రి, మరొకరి ఒడిలో, పసిపిల్లవాడు పడుకునే చోట ప్రాణం విడుస్తాడు. దేవతలు, చివరకు లక్ష్మీదేవి కూడా దగ్గరకు వెళ్లలేని ఆ ఉగ్రమూర్తి పాదాల వద్దకు తండ్రిని కోల్పోయిన ఆ బాలుడే వెళ్లి సాగిలపడతాడు.

అక్కడితో నాటకాలు, చిత్రాలు సాధారణంగా తెర దించుతాయి, భాగవతం దించలేదు. వరం కోరుకోమన్నప్పుడు, నిన్ను ద్వేషించి, నీ భక్తుడనైన నన్ను బాధించిన నా తండ్రికి ఆ పాపం అంటకుండా చూడమని ప్రహ్లాదుడు అడుగుతాడు. నీ తండ్రి ఇరవై ఒక్క తరాల పితరులతో సహా పవిత్రుడయ్యాడని, ఇక నీవు అతనికి ప్రేతకార్యాలు చేయవలసిందని స్వామి చెబుతాడు. ప్రేతకార్యాలంటే మరణించిన వ్యక్తిని పితృదేవతల వరుసలో చేర్చడానికి కొడుకు చేయవలసిన ఉత్తరక్రియలు. ప్రహ్లాదుడు వాటిని విధి ప్రకారం నిర్వర్తించి, ఆ తరువాతనే తండ్రి సింహాసనం ఎక్కుతాడు. తనను చంపించబోయిన మనిషికి తలకొరివి పెట్టే కొడుకు మనసులో ఏముంటుందన్న ప్రశ్నకు ఇంకా ఏ తెలుగు చిత్రమూ తగిన జాగా ఇవ్వలేదనిపిస్తుంది, ఇవ్వవలసిన అవసరం మాత్రం ఎంతో ఉంది.

ఈ కథకు వేరొక ముగింపు కూడా ఉన్నదని తెలిస్తే చాలామంది శ్రోతలకు ఆశ్చర్యం కలగవచ్చు. భాగవతం కంటే పాతదిగా పండితులు భావించే విష్ణుపురాణం మొదటి అంశంలో, నాగపాశాలతో కట్టి సముద్రంలో పడవేసి, పైన కొండలు కప్పించిన తరువాత కూడా బతికి తిరిగి వచ్చిన కొడుకును చూసి, హిరణ్యకశిపుడు కన్నీళ్లు నిండిన కళ్లతో అతని శిరస్సును ఆఘ్రాణించి, కౌగిలించుకొని, నాయనా బతికే ఉన్నావా అని పలకరిస్తాడు. చేసిన పనికి పశ్చాత్తాపపడి కొడుకు మీద ప్రేమ చూపుతాడు. కొడుకు తండ్రికి, గురువులకు సేవ చేస్తూ ఉంటాడు. నరసింహావతారం ఆ తరువాత ఎప్పుడో, ఒకే ఒక్క మాటలో వస్తుంది. అంటే ఒక పురాణం సయోధ్యను తండ్రి బతికి ఉండగానే సాధించగా, మరొక పురాణం దానిని మరణం తరువాతి కర్మకాండలో వెతుక్కుంది. రెండవదే తెలుగువారి మనసులో పాతుకుపోవడానికి పోతన కవిత్వం పెద్ద కారణం. కథలోని ఈ స్వేచ్ఛను త్యాగరాజు వేరొక దారిలో వాడుకున్నాడు: ఆయన రచించిన ప్రహ్లాద భక్తి విజయం అనే తెలుగు గేయనాటకంలో కథ సముద్రం ఒడ్డునే నడుస్తుంది, హిరణ్యకశిపుడు రంగం మీదికి రానే రాడు. ఇక తమిళనాట తంజావూరు జిల్లా మెలట్టూరులో, వెంకటరామశాస్త్రి రాసిన ప్రహ్లాద చరిత్రను నరసింహ జయంతి వేళ నేటికీ తెలుగులోనే భాగవతమేళంగా, అంటే పురుషులే అన్ని పాత్రలూ ధరించి గానంతో, నృత్యంతో నడిపే ఆలయ నాటకంగా ప్రదర్శిస్తారు.

తెలుగు చలనచిత్రం మాట నేర్చుకున్నదే ఈ తండ్రీకొడుకుల వాదంతో అన్న సంగతి మరువరానిది. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో అర్దేషిర్ ఇరానీ బొంబాయిలో నిర్మించిన మొదటి పూర్తి తెలుగు టాకీ, అంటే మాటలు, పాటలు వినిపించే చిత్రం, భక్త ప్రహ్లాద. అది 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది. మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపునిగా, సురభి కమలాబాయి తల్లి లీలావతిగా, సింధూరి కృష్ణారావు అనే బాలుడు ప్రహ్లాదునిగా నటించారు. ఖమ్మం ప్రాంతపు కవి చందాల కేశవదాసు పాటలు రాశారు. 9,762 అడుగుల నిడివి గల ఆ చిత్రం, సుమారు గంటా నలభై ఎనిమిది నిమిషాలు, ఇప్పుడు ఎక్కడా చూడడానికి దొరకదు; తెలుగు వెండితెర మీద ఒక తండ్రి, ఒక కొడుకు పలికిన తొలి మాటలు అలా పోవడం తీరని నష్టం. దానికి ఆధారమైన నాటకం బళ్లారికి చెందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులది. తెలుగులో మొదటి విషాదాంత నాటకంగా, అంటే కథానాయకుని పతనంతో ముగిసే నాటకంగా పేరొందిన విషాద సారంగధర కూడా ఆయనదే కావడం గమనించదగినది. అందులో రాజమహేంద్రవరం ఏలిన రాజరాజనరేంద్రుడు సవతి తల్లి చెప్పిన నింద నమ్మి సొంత కొడుకు కాళ్లు చేతులు నరికిస్తాడు. ఆ కథ చరిత్ర కాదు, ప్రచారంలో ఉన్న ఐతిహ్యం మాత్రమే. అయినా ఆధునిక తెలుగు నాటకానికి పునాది వేసిన ఒక రచయిత రెండుసార్లు తండ్రి చేతిలో నలిగిన కొడుకు దగ్గరకే వెళ్లాడు.

1967లో చిత్రపు నారాయణమూర్తి దర్శకత్వంలో ఏ.వి.ఎం. సంస్థ రంగుల్లో తీసిన భక్త ప్రహ్లాదలో ఎస్.వి. రంగారావు హిరణ్యకశిపునిగా, బాలనటి రోజారమణి ప్రహ్లాదునిగా నటించారు. రంగారావు నటనలోని గొప్పతనం గర్జనలో కంటే, పిల్లవాణ్ణి చూసి ముఖం మెత్తబడి మరుక్షణం బిగుసుకోవడంలో ఉంది. పోతన చెప్పిన ఒడి ఆ ముఖంలో కనిపిస్తుంది. తల్లిగా అంజలీదేవి పాత్రకు కూడా ఇక్కడ లోతైన పని ఉంది, ఎందుకంటే మాటలు తెగిపోయిన ప్రతి తండ్రీకొడుకుల మధ్య సందేశాలు మోసే బరువు ఇంట్లో ఒక స్త్రీ మీద పడుతుంది. ప్రాగ్ నగరంలో జర్మన్ భాషలో రాసిన ఫ్రాంజ్ కాఫ్కా, 1919లో తన తండ్రి మీద ఉన్న భయాన్ని, నొప్పిని ఒక దీర్ఘమైన లేఖగా రాసి, దానిని తండ్రికి అందించమని తల్లి చేతికి ఇచ్చాడు. ఆమె దానిని అందించకుండా కొడుకుకే తిరిగి ఇచ్చేసింది. కాఫ్కా మరణించిన చాలా ఏళ్లకు లోకం చదివిన ఆ లేఖను, ఎవరికోసం రాశాడో ఆ తండ్రి చదవనేలేదు. కొడుకుకు విషం ఇవ్వవలసి వచ్చిన లీలావతి చేతి పాత్ర, కాఫ్కా తల్లి చేతి ఉత్తరం వేరు వేరు లోకాలవైనా, వాటిని పట్టుకున్న చేతుల వణుకు ఒకటే.

ఎడబాటు లేని తండ్రీకొడుకులు సినిమా రంగంలో లేకపోలేదు. తండ్రికి దూరంగా ఆశ్రమంలో పెరిగిన కవలల కథ అయిన లవకుశను 1934లో ఒకసారి తీసిన సి. పుల్లయ్య, దానినే రంగుల్లో మళ్లీ మొదలుపెట్టి, అనారోగ్యం వల్ల కొనసాగించలేకపోయినప్పుడు, ఆయన కుమారుడు సి.ఎస్. రావు పూర్తిచేశాడు, 1963లో అది తండ్రీకొడుకులిద్దరి దర్శకత్వం కింద విడుదలైంది.

తండ్రితో తెగిపోయిన కొడుకు తానే తండ్రి అయితే ఎలా ఉంటాడన్నది ఈ వస్తువులో చాలా అరుదుగా అడిగే ప్రశ్న. దానికి జవాబు మహాభారతం ఉద్యోగపర్వంలో ఉంది. ప్రహ్లాదుని కుమారుడు విరోచనుడు, అంగిరసుని కుమారుడు సుధన్వుడు కేశిని అనే కన్య విషయంలో, మా ఇద్దరిలో ఎవరు శ్రేష్ఠులని ప్రాణాలు పందెం ఒడ్డుకొని, తీర్పు కోసం ప్రహ్లాదుని దగ్గరికే వస్తారు. ఒకవైపు కన్నకొడుకు ప్రాణం, మరొకవైపు నిజం. అబద్ధపు తీర్పు చెప్పినవాడి గతి ఏమిటో సుధన్వుణ్ణే అడిగి తెలుసుకొని, ప్రహ్లాదుడు కొడుకు వైపు తిరిగి, నాకంటే అంగిరసుడు గొప్పవాడు, నీ తల్లికంటే ఇతని తల్లి గొప్పది, నీకంటే సుధన్వుడు గొప్పవాడు, ఇక నీ ప్రాణం ఇతని చేతిలో ఉందని తీర్పు చెబుతాడు. ఆ తరువాతనే, తీర్పరిగా కాక తండ్రిగా, నా బిడ్డను నాకు తిరిగి ఇమ్మని సుధన్వుణ్ణి వేడుకుంటాడు. కొడుకు మీది మమకారంతో అబద్ధమాడలేదు కనుక ఇస్తున్నానని సుధన్వుడు విరోచనుణ్ణి విడిచిపెడతాడు. నిజాన్ని మాటల్లో పెట్టినందుకు ఒడి నుంచి నేల మీద పడిన పిల్లవాడు, తండ్రి అయిన నాడు కూడా ఆ నిజాన్ని దాచలేదు, అయితే ప్రేమను కూడా దాచుకోలేదు; తన తండ్రి విడివిడిగా పట్టుకోలేకపోయిన ఆ రెండింటినీ అతడు ఒకే సభలో, ఒకదాని తరువాత ఒకటి పలికాడు. ఈ కథను విదురుడు నిద్రపట్టని ఒక రాత్రి ధృతరాష్ట్రునికి చెబుతాడు. వింటున్నవాడు కొడుకుతో ఒక్కనాడూ మాట తెంచుకోని తండ్రి. తప్పని తెలిసి కూడా దుర్యోధనుని ఎదుట ఆ మాట గట్టిగా అనలేక, అతణ్ణి ఒడి దించడానికి మనసొప్పక, యుద్ధం వైపు నడుస్తున్న తండ్రి. విదురుడు చెప్పినదంతా విని, నిజమేనని ఒప్పుకొని, ధృతరాష్ట్రుడు కొడుకు వైపే ఉండిపోయాడు.